చెయ్యెత్తితే అందాలి

అమ్మీకి సలాం. నా కోపంతో ఈ పని కూడా పోగొట్టుకుంటానని బెంగపడకు. భవానీపురంలో రమాసుందరి టీచరు గారింటి బయటి గోడకి మెయిన్ స్విచ్ బాక్స్ బిగించాం. గోడ మీద మొన్నటి వరద నీటి మరకకి చాలా పైన పెట్టాలని పట్టుబట్టాను. “మంటలొస్తే కరెంటు ఆపడానికి నిచ్చెన వెతుక్కోవాలా నాయనా?” అన్నారావిడ. “మునిగితే మీ ఖర్మ!” అని అరిచాను. మేస్త్రీ ఖయ్యూమ్ భాయ్ నన్ను పొమ్మన్నాడు. ఆవిడే అడ్డుపడి, “నా క్షేమానికేగా అరిచాడు, ఉండనీండి” అన్నారు. భద్రత ప్రజల హక్కని కరపత్రాల్లో చదివానే గానీ, ఆ ప్రజలు ఎంత ఎత్తుంటారో చూళ్లేదు. ఆవిణ్ణి చెయ్యెత్తమన్నాను. వేళ్లు మరకకి జానెడు పైకి అందాయి, అక్కడే బిగించాను.

చెల్లి ఆస్రాకి జ్వరం తగ్గిందా? మనింటి మెయిన్ స్విచ్ నీకు అందుతుందో లేదో చూసి రాయి. అందకపోతే వచ్చి దించుతాను. అబ్బాకి సలాం, నాకు మీ దువా.

మీ అర్హాన్