సూప్ బండి దగ్గర కన్నీళ్లు

అక్కా,

నువ్వు చల్లగా ఉండాలని రోజూ దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను. నా మనసే వారం రోజులుగా కుదురుగా లేదు.

ఊరు చూడవచ్చినవాళ్లకు గడియార స్తంభం చూపించాక గైడు కుర్రాడు వాళ్లను నా సూప్ బండికి తీసుకొస్తాడని రాశాను కదా. నేను గిన్నెలు అందించేలోపు అతను వాళ్ల భాషలో ఏదో చెబుతాడు. వాళ్లు నా వంక చూసి కళ్లు తుడుచుకుంటారు. మిరియాల ఘాటేమోనని సగం తగ్గించాను. ఏడుపు ఆగలేదు. పూర్తిగా మానేశాను. ఇంకా ఏడ్చారు!

నిన్న మన మాట తెలిసిన ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "పెళ్లయిన కొత్తలోనే ఆయన పోయారటగా అమ్మా! ఒంటిచేత్తో ఎలా నెట్టుకొచ్చావో," అంది. ఆ పోయినాయన నా వెనకే కూర్చుని గిన్నెలు తోముతున్నారు!

నేనేమో తల ఊపాను. ఊపడమూ అబద్ధమేగా? గైడును నిలదీస్తే రేపటి నుంచి అతను రాడేమో. ఊరుకుంటే దేవుడి ముందు ఏ ముఖంతో నిలబడను? ఏం చెయ్యాలో పాలుపోవడం లేదు.

నీ చెల్లెలు

అక్కా,

నీ జవాబు వచ్చేదాకా ఆగలేక అడిగేశాను. గైడు ఈయన వంక చూశాడు. "నా మీద ఒట్టక్కా, నేను కల్పించలేదు. వచ్చినవాళ్లు నీ గురించి అడుగుతుంటే బావగారే అలా చెప్పమన్నారు."

ఈయన తలెత్తలేదు. "ఆరేళ్లు నిన్ను వదిలేసి ఇంకొకావిడ ఇంట్లో ఉండొచ్చాను. అదెలా చెప్పిస్తాను? పోయాడంటే నీకూ పరువే, నాకూ పరువే," అన్నారు.

తిరిగొచ్చాక ఆ మాట ఆయన నోట రావడం ఇదే మొదలు. నీకు కూడా అప్పట్లో "పనిమీద దూరం వెళ్లారు" అనే రాశాను. క్షమించు. ఆయన తనను తాను చంపుకున్నారు, నేను పనికి పంపాను. ఎవరి అబద్ధం పెద్దదో నాకు తేలడం లేదు.

పొద్దున గైడుతో, "ఉన్నదున్నట్టు చెప్పు తమ్ముడూ," అన్నాను.

"గిరాకీ పోతుందక్కా!"

"పోనీ."

చెప్పాడు. ఎవరూ ఏడవలేదు. అందరూ ఈయన్ను ఎగాదిగా చూశారు. ఒక ముసలావిడ గిన్నె నా చేతికిచ్చి, ఈయన ముందుకెళ్లి, వేలు ఊపుతూ తన భాషలో చడామడా తిట్టింది. ఈయన చేతులు కట్టుకుని ప్రతి మాటకూ తలాడించారు.

గైడు నవ్వాపుకుంటూ, "ఏమందో చెప్పనా బావా?" అన్నాడు.

"వద్దులే. అర్థమైంది," అన్నారు.

క్షమించానో లేదో నాకే తెలియదక్కా. ఆవిడ వెళ్లాక ఆయన చేతిలోనూ ఒక గిన్నె సూప్ పెట్టాను. అంతే.

నీ చెల్లెలు