పక్క గోడ కిటికీలు

రాజపాళయం

నాయనా,

నువ్వు పోయి ఏడు నెలలవుతోంది. బాగున్నావా అని అడగను. నీ మీద కోపంగా ఉంది.

నువ్వు అట్టతో చేస్తున్న పాత స్పిన్నింగ్ మిల్లు నమూనా నీ బల్ల మీదే ఉంది. ముందు గోడ ఒక్కటే ముగించి వెళ్ళిపోయావు. మిగతా గోడల కొలతలు ఎక్కడ? "అంతా తలలో ఉండాది పాపా, గీసేది ఎందుకు?" అనేవాడివి. ఆ తలను ఇప్పుడు ఎక్కడని వెతకను?

మిల్లును కూల్చేస్తున్నారు. నీతో మిల్లులో పనిచేసినవాళ్ళు చోళపురం నుంచి కూడా వచ్చి అడుగుతున్నారు. నమూనాను వాళ్ళ సంఘం హాల్లో పెట్టుకుంటారట.

నీలా కత్తి పట్టడం నాకు రాదు. అందుకే అట్ట కోసే కంప్యూటర్ మెషిన్ తెచ్చాను. నువ్వు కోసిన కిటికీని స్కాన్ చేసి దానికిచ్చాను. అగ్గిపుల్లకంటే సన్నటి ఊచలు... సగం చిరిగిపోయాయి. బ్లేడు మార్చి, ఒత్తిడి తగ్గించి, ఒకే గీత మీద మళ్ళీ మళ్ళీ పోనిచ్చాక తెగాయి. చూస్తే ప్రతి కిటికీకీ ఒక మూల వంకర! నీ చెయ్యి ఒక్కసారి జారింది, మెషిన్ అన్నిటికీ అదే పెట్టింది. మెషిన్ మాటెత్తితే "దానికి కండ్లుండాయా? చెప్పింది కోస్తాది, అంతే" అనేవాడివి కదా... అట్టలన్నీ విసిరికొట్టాను.

వంకర సరిదిద్దాను. కానీ పక్క గోడ కిటికీలు ఇంకా ఎత్తుగా ఉండేవట. ఎంత ఎత్తు? ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు. టేపు పట్టుకుని టౌన్ బస్సెక్కి మిల్లుకు వెళ్ళాను. పక్క గోడ, వెనక గోడ అప్పటికే ఇటుకల గుట్టలు. ఒక్క కాగితం మీద గీసిపెట్టి ఉంటే నీకేం పోయేది నాయనా?

ఇంటికొచ్చి గొణుగుతుంటే అమ్మ లోపలికి వచ్చింది. నువ్వు పోయాక ఈ గదిలోకి రావడం అదే మొదలు. పెళ్ళికి ముందు మిల్లులో ఆ పక్క గోడ దగ్గరే నూలు చుట్టేది కదా... గది గోడకు ఎదురుగా నిలబడింది. ఒక చెయ్యి రొమ్ము దగ్గర పెట్టింది, కిటికీ అడుగు అక్కడికి వచ్చేదట. ఇంకో చెయ్యి ఎత్తి, మునివేళ్ళ మీద లేచి, పైగొళ్ళెం లాగినట్టు లాగింది. భోజనాల వేళ గాలి కోసం రోజూ తనే తెరిచేదట.

నేను టేపు పెట్టి కొలిచాను. కొలిచాక కూడా అమ్మ చెయ్యి దించలేదు...

ఆ కొలతనే నమూనాకు తగ్గించి కిటికీలు కోశాను. ఒక్కటీ చిరగలేదు.

వెనక గోడ ఇంకా మిగిలే ఉంది. దానికి ఎవరిని నిలబెట్టి కొలవను, చెప్పు? కోపం పోలేదు నాయనా. అయినా మిల్లును పూర్తిచేసి వాళ్ళ చేతుల్లో పెడతాను.

నీ పాప