ఎక్స్‌రే చదివేవారు కావలెను

ఎక్స్‌రే విభాగం వారికి నమస్కారం.

నా ఛాతీకి ఫోటో తీసి ఆరు వారాలైంది. రిపోర్టు అడిగితే కౌంటర్లో అమ్మాయి "చదివేవాళ్లు లేరండీ" అంది. ఆ మాత్రానికి ఆగడమెందుకు? ముప్ఫై ఎనిమిదేళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దినవాణ్ణి. చీమ తలకాయంత అక్షరమైనా చదువుతాను. ఎప్పుడు రమ్మంటారు?

ఇట్లు,
దగ్గుతో,
రిటైరైన ప్రూఫ్‌రీడరు

తా.క.: మీ బోర్డు మీద 'ఎక్స్‌రే గద' అని ఉంది. 'ద'కి గుడి పెట్టించండి.

*

ప్రూఫ్‌రీడరుగారికి,

చదవాల్సింది అక్షరాలు కాదండీ, ఎముకలూ ఊపిరితిత్తులూ. అందుకు వేరే డాక్టరుండాలి. రెండేళ్లుగా ఆ కుర్చీ ఖాళీ. పక్క ఊరి డాక్టరు గురువారాలు వచ్చి, చదివినన్ని చదివి వెళ్తారు. మీకు ముందు ఆరువందల పన్నెండు ఫిల్ములున్నాయి. మీ ఉత్తరం మాత్రం పై ఆఫీసుకు పంపాను.

ఇట్లు,
విభాగం గుమాస్తా
(ఆ కౌంటర్లో అమ్మాయిని నేనే)

తా.క.: గుడి సంగతీ రాశాను. ఆసుపత్రి ఆవరణలో గుడి కట్టడానికి అనుమతి లేదని వెంటనే జవాబొచ్చింది.

*

అమ్మాయీ,

పై ఆఫీసు నుంచి నాకు కాగితం వచ్చింది. "ఎక్స్‌రేలు చదివే పోస్టుకు మీ దరఖాస్తు అందినది. మంగళవారం ఇంటర్వ్యూకు రావలెను" అట! నేనెప్పుడు పెట్టాను తల్లీ దరఖాస్తు? రానని రాసెయ్యనా? ఇక్కడ మా ఆవిడ నన్ను బకెట్టు కూడా ఎత్తనివ్వదు. కూర్చుని నా దగ్గులు లెక్కపెడుతోంది. ఆ ఫోటోలో ఏముందో తేలితే ఇద్దరికీ కంటిమీద కునుకు పడుతుంది.

ఇట్లు,
దరఖాస్తు పెట్టని అభ్యర్థి

తా.క.: నిన్న నలభై ఒకటట. మూడు తుమ్ములు కూడా కలిపేసిందని నా అనుమానం.

*

బాబాయిగారూ,

రాననకండి! వచ్చింది మీ ఒక్క దరఖాస్తే. ప్రశ్నలడగడానికి ఈ ఫిల్ములు చదవడంలో ఆరితేరిన డాక్టరమ్మను పిలిపిస్తున్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని రండి.

ఇట్లు,
గుమాస్తా

తా.క.: మీ ఫిల్ము పొరపాటున మీ ఇంటర్వ్యూ ఫైల్లో చేరింది. ఆ తప్పు మాత్రం దిద్దకండి.

*

అమ్మాయీ,

"మీ అర్హత?" అన్నారు డాక్టరమ్మ.

"దగ్గండీ" అన్నాను.

ఫైలు తెరిచారు. ఫిల్ము కిటికీ వెలుగుకు పట్టి చూశారు. ఎంతసేపో! ఈలోగా నాలుగుసార్లు దగ్గాను.

"చిన్నప్పుడెప్పుడో మానిపోయిన మచ్చ. భయం లేదు. ఈ దగ్గు మందులకు పోతుంది" అన్నారు. ఆ వెంటనే, "ఇలా చదవనివి ఇంకెన్ని ఉన్నాయి?" అన్నారు.

చెప్పాను. ఆవిడ ముఖం మారిపోయింది. నేను ఇంటికొచ్చేశాను, ఆవిడ మాత్రం నీ 'గద'వైపు నడిచారు. తర్వాతేమైంది? మా ఇద్దరికీ ఆత్రం ఆగడం లేదు.

ఇట్లు,
మందు మింగుతున్న బాబాయి

తా.క.: ఇంతకీ నాకు ఉద్యోగం వచ్చినట్టా, రానట్టా?

*

బాబాయిగారూ,

విచారముతో తెలియజేయునది: మీకు రాలేదు. మీకన్నా అర్హులు దొరికారు. డాక్టరమ్మ పోయిన నెలే రిటైరయ్యారట. ఇక్కడ కుర్చీ ఖాళీ ఉందని ఆవిడకెవరూ చెప్పనే లేదట! అప్పటికప్పుడు తెల్లకాగితం అడిగి, నిలబడ్డచోటే దరఖాస్తు రాసిచ్చారు.

రెండు వారాల్లో కట్టంతా చదివేశారు. ముగ్గురిని వెంటనే పిలిపించమన్నారు. నేను రెండు ఫోన్లే చేశాను. మూడో ఫిల్ము నాదే.

నాలుగు నెలల కింద తీయించుకున్నాను. వరస తప్పించి పైన పెట్టుకోవడానికి చెయ్యి రాలేదు. ఇప్పటికైనా కనబడింది కాబట్టి గడ్డ ఆపరేషనుతో పోతుందంటున్నారు. సోమవారం చేరుతున్నాను.

ఇట్లు,
మీ అమ్మాయి

తా.క.: నెలన్నర పాటు ఇక్కడ ఉత్తరాలకు జవాబిచ్చే మనిషి ఉండరు. కవరు వెనక మా ఇంటి చిరునామా రాశాను. అక్కడికి రాయండి.