రెండు గంటల ఆలస్యం

అమ్మా, నేను కులాసాగానే ఉన్నాను. స్టేషన్లో అనౌన్సరు ఉద్యోగం మాత్రం రాలేదు. ఇంటర్వ్యూలో మైకు చేతికిచ్చి, రైలు రెండు గంటలు ఆలస్యమని చెప్పమన్నారు. చెప్పాను. అక్కడితో ఆగక, "ఈలోగా పిల్లలకేదైనా తినిపించుకోండమ్మా" అనేశాను. పెద్దాఫీసరు పెన్ను మూసేసి, "ఇది స్టేషనమ్మా, మీ వంటిల్లు కాదు" అన్నాడు. గదికొచ్చి కాసేపు ఏడ్చాను, తర్వాత నవ్వొచ్చింది. పిల్లలకు తినిపించమన్న ఆ మాట నీదే కదా.

నాన్న కళ్లజోడు బాగుచేయించారా? వదిన కట్టుకెళ్లమని ఇచ్చిన చీర మీద మరకేమీ పడలేదని చెప్పు. నేను ఇంట్లో లేకపోయినా నాకోసం అన్నం తినకుండా కూర్చుంటున్నావని చెల్లి రాసింది. ఇంకో రెండు స్టేషన్లలో మనుషులు కావాలట, అడిగి చూస్తాను. నాన్నకు నమస్కారాలు, చెల్లికి ముద్దులు. నేను రావడం ఆలస్యమవుతుంది. ఈలోగా నువ్వు ఏదైనా తినమ్మా.

నీ పెద్దపిల్ల