మూడు ఊళ్లలో పదిహేడు తలుపులు

మొన్న బంధువులందరి ముందు నా మనవడు లోహిత్ "అవ్వది గుడ్డి అదృష్టం, అందుకే కరోనాలో మునగలేదు" అన్నాడు. ముందు ఆ తప్పు దిద్దుతున్నాను. అది అదృష్టం కాదు, ముందుచూపు.

మదనపల్లె కాపురస్తురాలు, రిటైరైన లెక్కల టీచరు, డెబ్బై ఎనిమిదేళ్ల శాంతకుమారి అనే నేను పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, బీపీ మాత్ర వేసుకుని మరీ రాసిన వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవన్నీ రద్దు.

1. ఆస్తి నా స్వార్జితం. మదనపల్లెలో మగ్గాలవాళ్లుండే ఐదు ఇళ్లు, పుంగనూరులో సర్కారు ఉద్యోగులుండే మూడు పోర్షన్లు, కుప్పంలో చదువుకునే పిల్లలుండే తొమ్మిది గదులు. ఒకచోట కూలి ఆగినా ఇంకోచోట జీతం రావాలని ఏరి కొన్నవి. కాలేజీలు మూసి కుప్పం ఖాళీ అయిన ఏడాది పుంగనూరు అద్దెలే బ్యాంకు అప్పు కంతులు కట్టాయి. ఒక్క తలుపూ అమ్మలేదు.

2. లోహిత్ అన్నీ అమ్మి మదనపల్లెలో ఒకటే కాంప్లెక్స్ కట్టాలంటాడు. చూసుకొమ్మని రెండిళ్లు అప్పజెబితే భోగ్యానికిచ్చాడు. అంటే నెలనెలా అద్దె ఉండదు. ముందే తీసుకున్న పెద్ద మొత్తం ఖాళీ చేసేనాడు తిరిగివ్వాలి. వాడు దాన్ని ప్లాట్లలో పోశాడు. ప్లాట్ల ధర పడింది, ఆ రెండిళ్లవాళ్లూ ఒకే నెలలో ఖాళీ చేశారు. "అవ్వా, పరువు పోతాండాది, ఏమన్నా సెయ్యి" అని వచ్చాడు. ఆరునెలల అద్దె ఎప్పుడూ బ్యాంకు డిపాజిట్‌లో ఉంచుతాను; అది తీసి ఇద్దరికీ పైసలతో సహా ఇచ్చాను. కాబట్టి వాడికి జీవితాంతం అద్దెల్లో సగం. అమ్మే, తాకట్టు పెట్టే, భోగ్యానికిచ్చే హక్కు లేదు.

3. మిగతా సగమూ, పెత్తనమూ, ఈ వీలునామా అమలూ నా కూతురి కూతురు అశ్వినివి. లోహిత్ టులెట్ బోర్డు తగిలించి వదిలేసిన కుప్పం గదులన్నీ అద్దె కాస్త తగ్గించి మళ్లీ నింపింది అదే. నేను ఖాళీ చేసిన ఆ డిపాజిట్ మళ్లీ పూర్తిగా నిండేదాకా కొత్త ఇల్లు కొనరాదు. నా పడక్కుర్చీ కూడా దానికే, లోహిత్‌కిస్తే నిద్రపోతాడు.

4. మగ్గం ఆగి మదనపల్లె ఇంట్లో ఉండే రామప్ప ఐదు నెలలు అద్దె ఇవ్వలేకపోతే అందరూ తరిమెయ్యమన్నారు. ఆయన మాత్రం "దుడ్లు లేవమ్మా, సేతులుండాయి" అని ఐదిళ్లకూ సున్నం కొట్టాడు. తర్వాత బాకీ అంతా తీర్చాడు. ఖాళీ ఇంటిని చెదలే ఏలుతాయి. ఆయన ఉన్నంతకాలం అద్దె పెంచరాదు. ఆయన నేసిన నా వంకాయరంగు పట్టుచీర ఆయన కూతురు గీతకు.

మదనపల్లె, 14 నవంబరు 2025.
(సంతకం) శాంతకుమారి
సాక్షులు: వెంకటేశులు, మునీశ్వరి

సంతకం కింద రాసినదానికి కోర్టులో విలువ లేదు, మన ఇంట్లో ఉంది. లోహిత్, పదిహేడు తలుపులూ నిండాయి. కుప్పం గేటు పక్క గోడకు నీ నంబరుతో వేలాడే టులెట్ బోర్డు సోమవారంలోగా నువ్వే పోయి దించు. మేకు కూడా పీకెయ్యి, గోడకు తుప్పు మరక పడుతుంది.