గిడియన్ అన్న, ఐదు కిలోమీటర్లు, నా ప్రేమపూర్వక విధేయత

ఫిబ్రవరి 17, 2021, బుధవారం. ఎన్నిస్, ఐర్లాండ్.

ఉదయం 5:10. లేచాను! అలారం లేకుండానే! (అలారం 4:50కి మోగింది. అది లెక్కలోకి రాదు.)

ఈ రోజు నుంచి లెంటు, అంటే ఈస్టర్ ముందటి ఉపవాస కాలం. నలభై రోజుల తీర్మానం: దేవుని మాటకు ప్రేమతో లోబడతాను. భయంతో కాదు, అలవాటు కొద్దీ కాదు, ఎవరో చూస్తున్నారనీ కాదు. నిన్న జూమ్ ప్రార్థనలో తోమా పాస్టర్ గారు అన్నారు: "భయపడి చేసేది పనివాడి విధేయత. ప్రేమించి చేసేది బిడ్డ విధేయత." నేను బిడ్డను. ముప్పై తొమ్మిదేళ్ల బిడ్డను.

రోజుకో ఆజ్ఞ. చార్టు గీసి వంటింటి అల్మరాకి, అదే మా అమ్మాయి జెమీమా ఐరిష్ ఇంగ్లీషులో 'ప్రెస్'కి, అంటించాను. ప్రేమతో లోబడితే ఎర్ర గుండె స్టిక్కరు. ఊరికే లోబడితే సగం గుండె. న్యాయమూర్తి జెమీమాయే. తొమ్మిదేళ్లు. లాక్‌డౌన్‌లో బడి లేదు కదా, దానికీ ఒక పని దొరికింది.

ఫిబ్రవరి 18, గురువారం.

ఆజ్ఞ: భార్యను ప్రేమించుట. ప్రిస్కిల్లా నర్సింగ్ హోమ్‌లో నైట్ డ్యూటీ చేసి ఎనిమిదింటికి వచ్చి పడుకుంది. 8:40కి అల్లం టీ పెట్టి, లేపి, ఇచ్చాను. ప్రేమతో!

"ఏవండీ, పన్నెండు గంటలు నిలబడి వచ్చాను. ఇప్పుడే కన్నంటుకుంది. ఈ ప్రేమేదో సాయంత్రం చూపించకూడదా?"

టీ నేనే తాగాను. జెమీమా సగం గుండె ఇచ్చింది. అప్పీలు చేశాను. "నో వే, డాడీ. యు వోక్ మమ్మీ." కొట్టేసింది.

ఫిబ్రవరి 19, శుక్రవారం.

ఉపవాసం.
9:00. ప్రశాంతం.
10:15. మహా ఆత్మీయంగా ఉంది.
11:40. జెమీమా ప్లేటులో టోస్టు అంచులు మిగిలాయి. అన్నం పారేస్తే దేవుడికి నచ్చదు. ప్రేమతో తిన్నాను.
11:55. ప్రేమతో ఒక గుడ్డు కూడా.

ఫిబ్రవరి 21, ఆదివారం.

జూమ్ ఆరాధన. పాస్టర్ గారి ప్రకటన: మార్చి మొదటి ఆదివారం ప్రభు బల్ల. యేసు కడరాత్రి భోజనం గుర్తుగా ఎవరింట్లో వాళ్లు రొట్టె, ద్రాక్షరసం సిద్ధం చేసుకోవాలి. "సహోదరుడితో మాటల్లేని వాళ్లెవరన్నా ఉంటే ముందు వెళ్లి సమాధానపడండి. ఆ తర్వాతే బల్ల."

తెర మీద నా పక్క పెట్టెలోనే గిడియన్ అన్న. నేను కిటికీలోంచి వాన వైపు చూశాను. చాలాసేపు చూశాను.

జరిగింది రాసేస్తాను. క్రిస్మస్‌కి నేను ప్రత్యేక గీతం పాడి, ఆ వీడియో సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అందరూ "దేవునికి మహిమ" అన్నారు. సంఘంలో కీబోర్డు వాయించే గిడియన్ అన్న ఒక్కడే ఇలా పెట్టాడు: "బాగుంది బ్రదర్. శ్రుతి కొంచెం చూసుకోండి."

ఎనభై నాలుగు మంది ముందు! పైగా 'బ్రదర్'! 'చూసుకోండి'! ఏడేళ్లుగా నన్ను ఒరేయ్ అని పిలిచే మనిషి! అప్పటి నుంచి మాటల్లేవు.

ఫిబ్రవరి 22, సోమవారం.

శుభవార్త. గిడియన్ అన్న ఉండేది లిమరిక్‌లో. మా గుమ్మం నుంచి ముప్పై ఏడు కిలోమీటర్లు. లాక్‌డౌన్ హద్దు ఐదు! దారిలో గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఆపి ఎక్కడికి అని అడిగితే 'సమాధానపడటానికి' అని చెబుతానా?

అధికారులకు లోబడమన్నది కూడా వాక్యమే. ఈ ఆజ్ఞకు మాత్రం సంపూర్ణ ప్రేమతో, సంతోషంతో లోబడుతున్నాను. ఒక స్టిక్కరు నేనే అంటించుకున్నాను.

ఫిబ్రవరి 24, బుధవారం.

ప్రిస్కిల్లా అంది: "ఫోన్ ఉంది కదండీ."

వెళ్లి సమాధానపడమన్నారు గానీ ఫోన్ చేయమన్నారా అని అడిగాను. ఆమె నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

సాయంత్రం మెసేజ్ రాయడానికి కూర్చున్నాను. ఏడుసార్లు రాసి చెరిపాను. నాలుగోదానిలో నా శ్రుతి తప్పలేదనడానికి మూడు రుజువులు కూడా ఉన్నాయి. చివరికి సూర్యోదయం, గులాబీలు ఉన్న బొమ్మ మీద 'క్షమించుట దైవగుణం' అని రాసి గ్రూపు మొత్తానికీ పంపాను. అర్థం కావలసినవాళ్లకు అవుతుంది.

8:20. గిడియన్ అన్న బొటనవేలి గుర్తు పెట్టాడు. ఒక్క బొటనవేలు! ఇది సమాధానమా? యుద్ధమా?

ఫిబ్రవరి 27, శనివారం.

చార్టు పరిస్థితి:
గుండెలు: 3 (నేను అంటించినదాన్ని జెమీమా పీకేసింది.)
సగాలు: 4
సణగకుండా పని చేయుట: చెత్తబుట్ట బయట పెడుతూ సణిగాను. తెలుగులో సణిగాను కాబట్టి ఇరుగుపొరుగుకు తప్పుడు సాక్ష్యం వెళ్లలేదు.
పొద్దున్నే లేచుట: ఎన్నిస్ చలి దేవుడికి తెలుసు.
గిడియన్: ఖాళీ.

మార్చి 4, గురువారం.

7:02. ఫోన్ చేశాను! ఎత్తలేదు! నా బాధ్యత తీరింది! భారం దిగిపోయింది!

7:03. "డాడీ, దట్ వాజ్ వన్ రింగ్. దెన్ యు హంగ్ అప్."

ఈ పిల్లకు ఇంత పరిశీలన ఎవరు నేర్పారో.

మార్చి 6, శనివారం.

చార్టు తీసేశాను. జిగురు అల్మరా రంగుతో సహా ఊడివచ్చింది. ఇంటి ఓనరు చూడకముందే ఏదో ఒకటి చేయాలి.

నిద్ర లేదు, ఆకలి లేదు. నిజం రాస్తాను. ఏడేళ్ల క్రితం మేము షానన్ విమానాశ్రయంలో దిగినప్పుడు చంకలో రెండేళ్ల పిల్ల, ఒంటి మీద పల్చటి చొక్కాలు. గిడియన్ అన్న తన జాకెట్ విప్పి ప్రిస్కిల్లాకు కప్పాడు. తన మంచం మాకిచ్చి మూడు వారాలు వంటింటి నేల మీద పడుకున్నాడు. ఎవరూ చార్టు గీసి చేయించలేదు. అలాంటి మనిషి మీద నేను రెండు నెలలుగా ఒక శ్రుతి పట్టుకుని కూర్చున్నాను. సిగ్గుగా ఉంది. ఆయన మీద బెంగగా కూడా ఉంది.

అయినా ముందు ఆయనే ఫోన్ చేయొచ్చుగా!

మార్చి 7, ఆదివారం.

ప్రభు బల్ల. ప్రిస్కిల్లా తెల్లగుడ్డ ఇస్త్రీ చేసి పరిచింది. రొట్టె, చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం. పాస్టర్ గారు ప్రార్థన చేసి, తీసుకోండి అన్నారు. తెర నిండా చేతులు లేచాయి. నా చెయ్యి లేవలేదు.

జెమీమా నా చెవిలో: "డాడీ, గిడియన్ అంకుల్ ఈజ్ నాట్ టేకింగ్ ఇట్ ఐదర్."

చూశాను. నిజమే. పక్కన ఆయన భార్య దేవకుమారి వదిన మోచేత్తో పొడుస్తోంది. అన్న తల వంచుకుని రొట్టె వైపు చూస్తున్నాడు. ఆయన జుట్టు ఇంత నెరిసిందని నాకు తెలియదు.

లేచాను. పెరట్లోకి పరిగెత్తాను. వాన. ఫోన్ చేశాను. ఒక్క రింగుకే ఎత్తాడు.

"ఏందిరా లాజరూ, బల్ల కాడ ఫోనేంది?"

ఒరేయ్ అన్నట్టే ఉంది ఆ గొంతు.

"అన్నా, ఏం చెప్పాలో పది పాయింట్లు రాసుకున్నా. ఒక్కటీ గుర్తు రావట్లా. నువ్వే గుర్తొస్తన్నావు. అంతే."

అటువైపు నుంచి ముక్కు చీదిన శబ్దం వచ్చింది.

"ఆ మాట గ్రూపులో అనకుండా ఉండాల్సిందిరా. నీకు ఫోన్ చేసి చెప్పాల్సింది."

"అంటే, శ్రుతి తప్పిందనేనా?"

"తప్పిందిరా."

"...తప్పింది అన్నా. రెండో చరణంలో."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయనకూ అంతే. ప్రిస్కిల్లా కిటికీ అద్దం బాదుతోంది. "ఏవండీ! పాస్టర్ గారు ఆగిపోయారు! ముప్పై ఇళ్ల వాళ్లు గ్లాసులు పట్టుకుని మీ కోసం కూర్చున్నారు!"

తడిసిన చొక్కాతోనే లోపలికి వచ్చి రొట్టె అందుకున్నాను. తెర మీద అన్న కూడా అందుకున్నాడు. నేనేదో ఆజ్ఞకు లోబడ్డానన్న సంగతి సాయంత్రం వరకు గుర్తే రాలేదు.

మార్చి 8, సోమవారం.

ఉదయం 6:00. తీర్మానం మళ్లీ మొదలు! మిగిలిన రోజులు, ఈసారి ఇద్దరం. ఈస్టర్‌కి ఫోన్‌లోనే సాధన చేసి కలిసి పాడతాం. అన్న కీబోర్డు, నా గొంతు.

6:30. మొదటి సాధన. అద్భుతం!

6:38. "ఒరేయ్, పల్లవే తప్పిందిరా" అన్నాడు. ఫోన్ పెట్టేశాను. తన చెవి మీద తనకు ఎంత నమ్మకమో!

6:41. ముందు ఆయనే చేయాలి.

6:44. నేనే చేశాను. మొదటి రోజు.