ఆకుపచ్చ ఇంకుకు ముందు

ఆదివారం, రాత్రి

రేపు హాలియా హైస్కూల్లో హెడ్మాస్టర్‌గా చేరుతున్నాను. ఇక నాది గెజిటెడ్ సంతకం, ఆకుపచ్చ ఇంకు! అందుకే సాయంత్రమంతా ఇంకు నింపుకొని రాసే నా పాత రోలర్‌బాల్ పెన్ను కడిగాను. నీళ్లు ఎక్కించి వదిలిన ప్రతిసారీ గ్లాసులో నీలమే.

"కొత్తది కొనరాదు బిడ్డా?" అన్నాడు బాపు. నాకు ఇదే కావాలి. చివరికి నీళ్లు తేటగా వచ్చాయి. మొన కిందికి పెట్టి గుడ్డ మీద ఆరబెట్టాను. లోపల తడి మిగిలితే ఆకుపచ్చ పలచబడుతుందేమో...

ఇంతలో బాపు తన ఆధార్ జిరాక్స్ తెచ్చాడు. "నీ సర్టిఫికెట్ల మీద సంతకాలకు ఎంతమంది ఆఫీసర్ల గుమ్మాల కాడ నిలబడ్డనో! మొదటి సంతకం గీ దాని మీద పెట్టు."

"రేపు చార్జి తీసుకున్నంకనే బాపూ."

"అయితే నేను గూడ హాలియా వస్త."

అవతల గదిలో చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.